ఫలితాల సీజన్‌లో ఆర్డర్ బుక్ చూసి ట్రేడ్ చేసేవాళ్లకు జాగ్రత్తలు

త్రైమాసిక ఫలితాలు మొదలవుతున్నాయి. మార్కెట్ డెప్త్ (ఏ ధరకు ఎన్ని కొనుగోలు, అమ్మకపు ఆర్డర్లు వేచి ఉన్నాయో చూపే ఆర్డర్ బుక్) చదవడం కొత్తగా నేర్చుకున్న, నాకు తెలిసిన కుర్రాడొకడు పోయిన సీజన్‌లో కొన్ని నెలల లాభాన్ని ఒక్క పూటలో పోగొట్టుకున్నాడు. స్టాప్‌లాస్ (నష్టం ఓ హద్దు చేరితే అమ్మేసే ఆర్డర్) లేకపోలేదు. కింద పెద్ద బిడ్ (కొనుగోలు ఆర్డర్) కనిపిస్తోంది కదా, ధర అక్కడ ఆగుతుందని నమ్మాడు. చాలామందిని ముంచింది ఈ నమ్మకమే. బిడ్, ఆస్క్ (అమ్మకపు ఆర్డర్), స్ప్రెడ్ (ఆ రెంటి ధరల తేడా) మీకు తెలుసనుకుని, ఆ ఒక్క విషయం మీదే రాస్తున్నాను.

నిలబడ్డ ఆర్డర్ వేరు, జరిగిన ట్రేడ్ వేరు. బుక్‌లో కనిపించే పరిమాణాన్ని పెట్టినవాడు క్షణంలో తీసేసుకోవచ్చు.

అంకెల్లో చూడండి. 99.90 దగ్గర 50,000 షేర్ల బిడ్ ఉంది. దాన్ని చూసి 100.05కి 1,000 షేర్లు కొన్నారు, 99.85 దగ్గర మార్కెట్ స్టాప్ (ధర అక్కడికి రాగానే దొరికిన ధరకు అమ్మేసే స్టాప్‌లాస్) పెట్టారు. పోతే షేరుకు 0.20 అని లెక్క. ధర 99.95కి రాగానే ఆ 50,000 మాయం. ట్రేడ్ల పట్టీలో అంత పరిమాణం ఎక్కడా లేదు, అంటే అమ్ముడుపోలేదు, రద్దయింది. స్టాప్ పేలేసరికి 99.85లో 150, 99.80లో 200, 99.70లో 250, 99.60లో 400 షేర్లకే కొనేవాళ్లున్నారు. మీ సగటు అమ్మకం ధర దాదాపు 99.70. నష్టం 0.20 కాదు, 0.35.

ఇలా కావాలని మోసగించడాన్ని స్పూఫింగ్ అంటారు. 2010 మే 6న అమెరికా షేర్ల సూచీ డౌ జోన్స్ నిమిషాల్లో వెయ్యి పాయింట్ల దాకా పడింది. ఆ రోజు, లండన్ శివారులో ఇంటి నుంచి ట్రేడ్ చేసే నవీందర్ సింగ్ సరావ్ ఈ-మినీ ఫ్యూచర్స్‌లో (అమెరికా ఎస్అండ్‌పీ 500 సూచీ మీద ట్రేడయ్యే కాంట్రాక్టులు) భారీ అమ్మకపు ఆర్డర్లు పేర్చి ఉంచాడు. ఆ పతనానికి ఆయనొక్కడే కారణమా అన్న వాదన వేరు. ఆ ఆర్డర్లు ఎలా కదిలాయో మనకు ముఖ్యం: ధర దగ్గరికొస్తే అవి వెనక్కి జరిగేవి. 2016లో స్పూఫింగ్ నేరం ఒప్పుకున్నాడు.

అలాగని పెద్ద ఆర్డర్లన్నీ దొంగవే అనకండి. మార్కెట్ మేకర్లు (ఎప్పుడూ కొనే ధర, అమ్మే ధర రెండూ పెట్టి ఉంచే సంస్థలు) కూడా కొత్త సమాచారం రాగానే తమ ఆర్డర్లు తీసేస్తారు. ఫలితాలు వెలువడే నిమిషాల్లో బుక్ పలచబడేది అందుకే. ఉద్దేశం ఏదైనా మీకు జరిగే నష్టం ఒకటే.

దీనికి ఎదురు ఐస్‌బర్గ్, అంటే కొద్ది భాగమే బయటికి చూపించే పెద్ద ఆర్డర్. ఆస్క్‌లో 300 మాత్రమే కనిపిస్తుంది, అదే ధరకు ట్రేడ్లు వరసగా పడుతూనే ఉంటాయి, ధర మాత్రం పైకి కదలదు. ఎవరో పెద్దగా అమ్ముతున్నారు, చూపించట్లేదు. ఇక్కడా నిజం చెప్పింది ట్రేడ్లే.

డబ్బు పెట్టేముందు చేయాల్సిన సాధన: ఒకే షేరు తీసుకోండి. పెద్ద ఆర్డర్ కనిపించిన ప్రతిసారీ ధర దాని దగ్గరికొచ్చాక ఏమైందో రాసుకోండి. నిండిందా, రద్దయిందా, వెనక్కి జరిగిందా? ఆ కాగితం చూశాక గోడల (బుక్‌లో కనిపించే ఇలాంటి పెద్ద ఆర్డర్ల) మీద మోజు తగ్గుతుంది.

ఇక ఈ సీజన్‌కి:

- ఫలితాలు వచ్చే నిమిషంలో డెప్త్ చూసి ట్రేడ్ తీసుకోవద్దు.
- పలచని బుక్‌లో మార్కెట్ ఆర్డర్ (దొరికిన ధరకు జరిగేది) కొట్టొద్దు. లిమిట్ (మీరు చెప్పిన ధరకో, అంతకన్నా మంచి ధరకో మాత్రమే జరిగేది) వాడండి.
- లిమిట్ స్టాప్ అసలు నిండకపోవచ్చు, మార్కెట్ స్టాప్ ఎక్కడైనా నిండొచ్చు. ఏది భరించగలరో ముందే తేల్చుకుని, దాన్నిబట్టి పరిమాణం తగ్గించండి.
- బుక్‌లోని మొత్తం కొనుగోలు ఆర్డర్లు, మొత్తం అమ్మకపు ఆర్డర్లు పోల్చి దిశ చెప్పొద్దు. అందులో ధరకు ఎంతో దూరంగా పడి ఉన్న ఆర్డర్లూ కలిసి ఉంటాయి.
- మీ తెరమీద కనిపించేది చాలాసార్లు స్నాప్‌షాటే (ఒక్క క్షణపు ఫొటో లాంటిది). రెండు స్నాప్‌షాట్ల మధ్య వచ్చిపోయినవి మీకు కనిపించవు. వేగంలో యంత్రాలతో పోటీ వద్దు.
- ఆర్డర్ బుక్ డేటాతో బ్యాక్‌టెస్ట్ (మీ పద్ధతిని పాత డేటా మీద పరీక్షించడం) చేస్తుంటే, ధర తాకగానే మీ లిమిట్ ఆర్డర్ నిండినట్టు లెక్కవేయొద్దు. అదే ధరలో మీకన్నా ముందు క్యూ ఉంటుంది.
- డేటాలో బిడ్ ఆస్క్‌ని దాటి కనిపిస్తే ముందు ఫీడ్‌లో మెసేజ్‌లు తప్పాయేమో చూడండి, అవకాశం అనుకోవద్దు.
- గోడ చూసి స్టాప్ కిందికి జరపొద్దు. నిలబడ్డ ఆర్డర్ వేరు, జరిగిన ట్రేడ్ వేరు.
- గోడ మాయమైతే, మీరు కొన్న కారణం అదే అయితే, వెంటనే బయటికి రండి. మళ్లీ వస్తుందని చూడొద్దు.