బెజవాడ ఎండలో ఉప్పునీటి ట్యాంకు

మొదట నా మోజంతా సముద్రపు గుర్రాల మీదే. వాటిని 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో చేర్చారని తెలిశాక ఆ ఊసు మానేసి, ట్యాంకులోనే పుట్టి పెరిగిన క్లౌన్ ఫిష్ జంటను తెచ్చుకున్నాను.

మే వచ్చింది. పటమటలో మాది పై అంతస్తు. మధ్యాహ్నానికి ట్యాంకు నీళ్లు 32 డిగ్రీలు. చేపలు పైకొచ్చి మొప్పలు గబగబా ఆడిస్తున్నాయి. నీళ్లు వేడెక్కితే అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది మరి. మూత తీసి, టేబుల్ ఫ్యాను నీళ్ల మీదికి తిప్పాను. సాయంత్రానికి 29. హమ్మయ్య అనుకున్నా.

నాలుగో రోజు చేపలు మేత ముట్టలేదు. అద్దం అంచున తెల్లగా ఉప్పు పేరుకుంది. నీళ్లలో ఉప్పెంతుందో చూపే రిఫ్రాక్టోమీటర్ మీద చుక్క వేసి చూస్తే, సాంద్రత 1.025 ఉండాల్సింది 1.030! ఫ్యాను గాలికి ఆవిరయ్యేది నీరే, ఉప్పు ఎక్కడికీ పోదు. నేనేమో తగ్గినప్పుడల్లా ఉప్పు కలిపిన నీళ్లే పోశాను. "చేపల్ని ఊరగాయ పెడుతున్నావురా" అంది అమ్మ.

కొంచెం ఉప్పునీరు తీసి, ఆ మేరకు ఆర్వో నీళ్లు పోస్తూ రెండు రోజుల్లో నెమ్మదిగా దించాను. ఒక్కసారిగా మారిస్తే చేప తట్టుకోలేదు. ఇప్పుడు అద్దం మీద మార్కరు గీత ఉంది. రోజూ పొద్దున్నే గీత దాకా ఉత్త ఆర్వో నీళ్లే. ఇక మిగిలింది కరెంటు పోతుందన్న టెన్షన్. దానికి బ్యాటరీ ఎయిర్ పంపు కొన్నాను.