గ్రీకు కంచు విగ్రహాన్ని ఎలా చూడాలి: శిల్పి పేరు చివర్లో వెతకండి

మ్యూజియంలో విగ్రహం ముందు నిలబడగానే చాలామంది కింద పలక చదివి, శిల్పి పేరు చూసుకుని ముందుకెళ్లిపోతారు. హెలెనిస్టిక్ కాలం, అంటే అలెగ్జాండర్ చనిపోయిన క్రీ.పూ. 323 నుంచి సుమారు క్రీ.పూ. 30 దాకా పోతపోసిన గ్రీకు కంచు విగ్రహాల విషయంలో అలా చేస్తే అసలైనదంతా చూడకుండానే బయటికొచ్చేస్తాం. ముందు లోహాన్ని చూడండి.

మొదలుపెట్టడానికి నేనైతే రోమ్‌లోని పలాజ్జో మాస్సిమో మ్యూజియంలో ఉన్న కూర్చున్న బాక్సర్‌నే చెబుతాను. 1885లో తవ్వకాల్లో బయటపడింది. ఫొటోలో చూసినా సరే, బాగా పెద్దది చేసి ముఖం దగ్గర ఆగండి. ముక్కు విరిగి ఉంది, చెవులు వాచి ముద్దకట్టాయి, పెదవులు మాత్రం ఎర్రటి రాగితో విడిగా పొదిగారు. గాయాల్లోనూ రాగే. ఆ తర్వాత చూపుని కుడిచేతి మీదికి, తొడ మీదికి దించితే అక్కడక్కడా రాగి చుక్కలు కనబడతాయి. అవి రక్తపు చుక్కలు! అంటే అతను ఇప్పుడే తల పక్కకి తిప్పాడు, అప్పుడు ముఖం నుంచి రాలాయన్నమాట. కంటి కింద కమిలిన చోటు కోసం రంగు కాస్త ముదురుగా ఉండే మిశ్రమలోహం వాడారు. కళ్లు పోయి గుంతలే మిగిలాయి గానీ, అప్పట్లో కళ్లు రాయి, గాజు, ఎముకలాంటి వాటితో చేసి అమర్చేవాళ్లు, రెప్పవెంట్రుకలు రాగిరేకు కత్తిరించి పెట్టేవాళ్లు. ఇప్పుడు కనిపించే చిలుం పచ్చదనాన్ని మనసులోంచి తీసేసి, బంగారు ఛాయలో మెరిసే ఒళ్లు, దానిమీద ఎర్రటి గాయాలు ఊహించుకోండి.

తర్వాత అతుకుల కోసం వెతకాలి. పెద్ద విగ్రహాన్ని ఒకేసారి పోసేవాళ్లు కాదు. మట్టి నమూనా మీద అచ్చులు తీసి, వాటి లోపల పల్చగా మైనం పూసి, మధ్యలో మట్టి నింపి, కాల్చి మైనం కరిగిపోయాక ఆ సందులో కంచు పోసేవాళ్లు. కంచు అంటే ఎక్కువ భాగం రాగి, కొంచెం తగరం. తల, చేతులు, కాళ్లు విడివిడిగా పోసి, కరిగిన లోహంతోనే అతికేవాళ్లు. పోతలో బుడగ పడినచోట చతురస్రంగా చెక్కేసి కంచు మాసిక వేసేవాళ్లు. ఆ మాసికలు ఊడిపోయినచోట చిన్న చదరపు గుంటలు మిగులుతాయి. పనివాడి చెయ్యి నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించేది అక్కడే.

విగ్రహం చుట్టూ తిరగడం మర్చిపోవద్దు. ఏథెన్స్‌లో ఆర్టెమిసియోన్ గుర్రం, దానిమీద కుర్రాడు ఉన్నారు, సముద్రంలోంచి ముక్కలుగా తీసినవి. పక్కనుంచి చూస్తే దూకుతున్న గుర్రం, ముందుకెళ్తే నుదురు ముడిపడ్డ ఆ కుర్రాడి టెన్షన్.

పాలరాతి విగ్రహం కాలి పక్కన చెట్టు మొద్దు కనబడితే మాత్రం అది కంచు విగ్రహానికి నకలేమోనని అనుమానించండి. కంచు లోపల బోలుగా ఉంటుంది కాబట్టి రెండు చీలమండల మీద నిలబడగలదు, రాయికి ఊతం కావాలి.

ఇక పేర్లు. అలెగ్జాండర్ శిల్పి లిసిప్పోస్ 1,500 విగ్రహాలు చేశాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు, ఆయన చేతివే అని కచ్చితంగా చెప్పగలిగేది ఒక్కటీ మిగల్లేదు. శిష్యుడు ఖారెస్ 12 ఏళ్లు కష్టపడి నిలబెట్టిన రోడ్స్ కొలోసస్, అంటే రోడ్స్ ద్వీపంలోని భారీ కంచు విగ్రహం, భూకంపానికి కూలిపోయింది. ఎక్కువ విగ్రహాలు ఆ తర్వాతి కాలాల్లో లోహం కోసం కరిగిపోయాయి, నేలలోనో సముద్రంలోనో పడ్డవే బతికాయి. 1907లో ట్యునీషియాలోని మహ్దియా దగ్గర మునిగిన ఓడలో దొరికిన, గ్రీకుల మద్యదేవుడు డయొనైసస్ తల ఉన్న కంచు స్తంభం ఇప్పుడు ట్యునిస్‌లోని బార్డో మ్యూజియంలో ఉంది. దానిమీద అక్షరాలు జాగ్రత్తగా చూడండి: ఖాల్కెడాన్ వాడు బోయెథోస్ చేశాడు, అని గ్రీకులో చెక్కి ఉంటుంది.