బుర్రకథ దళంతో ఆరోగ్య పరిశోధన: డెల్టా విద్యాసంస్థల అధిపతులకు మార్గదర్శిని

కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా కార్యాలయం 2019లో వెలువరించిన సమీక్ష 3,000కు పైగా అధ్యయనాలను పరిగణనలోకి తీసుకున్నది. కనుక కళ మేలు చేస్తుందా అన్న స్థూలమైన ప్రశ్నతో కొత్త ప్రాజెక్టు ప్రారంభించనవసరం లేదు. గోదావరి డెల్టాలో సూటి ప్రశ్న దొరకడం కష్టమూ కాదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాలలో మరణ కారణాలను నమోదు చేసినప్పుడు, దాదాపు మూడో వంతు మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది. అందువల్ల, బుర్రకథ విన్న ఊళ్లలో ఆరు నెలల తరువాత రక్తపోటు మాత్రలు మానేసినవారు తగ్గారా అన్న ప్రశ్నను ఎంచుకోవచ్చు.

ఇలాంటి అధ్యయనంలో కలిసి పనిచేయగల కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాల, రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వంటి సంస్థలు వేర్వేరు పాలనల కింద ఉన్నాయి కాబట్టి, నిధులు ఎవరి ఖాతాలో ఉండాలో, సమాచారం ఎవరి అధీనంలో ఉండాలో ముందే ఒప్పందం రాసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది కథకుణ్ణి ఎప్పుడు పిలుస్తామన్నది. వైద్యులు రాసిన ప్రసంగానికి తంబురా తగిలించమని చివర్లో పిలిచి, ప్రదర్శన కాగానే శాలువా కప్పి పంపడం పరిశోధన కాదు, సన్మానం. ప్రశ్న రూపొందే సమావేశం నుంచే ఆయన సభ్యుడిగా ఉండాలి. సాధన చేసిన రోజులకూ పారితోషికం చెల్లించాలి. కథపై హక్కులు దళానివేనని రాసి ఇవ్వాలి. బుర్రకథలో కథకుడి పక్కన నిలిచి నవ్వించే హాస్యపు వంత అమాయకంగా అడిగే ప్రశ్నే ఇక్కడ అసలు సాధనం. "బీపీ తగ్గిపోయిందిగా, ఇంకా మాత్ర ఎందుకండీ?" అని రోగి డాక్టరు ముందు అడగలేనిది వంత అడుగుతాడు, కథకుడు జవాబిస్తాడు. ఆ జవాబు వైద్యపరంగా సరైనదో కాదో వైద్యుడు చూడాలి. ఎక్కడ నవ్వించాలన్నది మాత్రం దళానికే వదిలేయాలి.

కథ చెప్పించకుండా పోల్చి చూడవలసిన ఊళ్లను ఏమీ చేయకుండా వదిలేస్తే, ఫలితం కథ వల్లనా, కథలోని సమాచారం వల్లనా అన్నది తెలియదు. అక్కడ అదే సమాచారాన్ని, అంతే సమయం పాటు, ఆశా కార్యకర్త సమావేశంలో చెప్పించాలి. ఏ ఊరికి ఏది అన్నది చీటీలు తీసి నిర్ణయించాలి. ఊళ్ల మధ్య దూరం కూడా ఉండాలి. మైకు పెడితే కథ కాలువ అవతలి ఊరికీ వినిపిస్తుంది. దాళ్వా ఊడ్పులు ముగిసి కోతలు మొదలుకాని ఫిబ్రవరి, మార్చి నెలలు ప్రదర్శనకు అనువైనవి. అయితే ఆరో నెల కొలత ఆగస్టు, సెప్టెంబరులలో పడుతుంది గనుక, వరద ముంచెత్తే లంక గ్రామాలను ఈ అధ్యయనంలో చేర్చకపోవడమే మేలు.

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) అనుమతి పొంది, మొదటి వ్యక్తిని చేర్చుకోకముందే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో అధ్యయనాన్ని నమోదు చేయాలి. రక్తపోటు ఎక్కువగా ఉన్నట్లు బయటపడినవారిని, వారు ఏ ఊరివారైనా, వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి. తేడా కనిపించకపోయినా ఫలితాన్ని ప్రచురించాలి. ఆ పత్రంలో రచయితల వరుసలో కథకుడి పేరూ ఉండాలి.