మహారాష్ట్రలోని సిరొంచ పల్లెల్లో అన్ని పార్టీల చేత ఒకే ఠరావు (తీర్మానం) చేయించాలంటే

సమానత్వం మీద ఉపన్యాసం ఏ పార్టీ నాయకుడైనా ఇస్తాడు. మనకు కావలసింది ఠరావు మీద ఆయన సంతకం. "వివక్ష పోవాలి" అని రాస్తే అందరూ తలూపుతారు, ఊళ్లో ఏదీ మారదు. జరిగిందో లేదో కళ్లతో చూసి చెప్పగలిగే ఒక్క విషయమే పట్టుకోండి.

మా సలహా: భర్త పోయిన ఆడమనిషికి గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, పుస్తె తెంపడం, మెట్టెలు తీయడం మానాలన్న ఠరావుతో మొదలుపెట్టండి. కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ పంచాయతీ 2022 మేలో ఇదే చేసింది. మిగతా పంచాయతీలూ అలాగే చేయాలని రాష్ట్ర ప్రభుత్వం ఆ నెలలోనే సర్క్యులర్ ఇచ్చింది. దాని నకలు చేతిలో ఉంటే "ఇది అవతలి పార్టీవాళ్ల ఎత్తు" అనే మాట నిలబడదు.

ఇక్కడ పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు, ప్యానెళ్లుంటాయి, అంటే పార్టీల అండతో కలిసి పోటీచేసే జట్లు. గ్రామసభకు మూడు వారాల ముందు ప్రతి ప్యానెల్ పెద్ద ఇంటికీ విడిగా, కానీ ఒకే రోజున వెళ్లండి. చివర తెలిసినవాడే ఎక్కువగా అడ్డుపడతాడు. ముసాయిదా ఒకే కాగితం మీద, పక్కన ఖాళీ వదిలి ఇవ్వండి. తన మాట ఒకటి చేర్చినవాడు ఆ ఠరావును తనదిగా కాపాడుకుంటాడు. సంతకాలు ఇళ్ల వరసలో తీసుకోండి. కండువాలతో ఫొటో వద్దు, ఒక్క ఫొటోతో మిగతావాళ్లు జారుకుంటారు. నామినేషన్లు మొదలయ్యాక అసలు అడగొద్దు.

గ్రామసభకు ముందు జరగాల్సిన మహిళల గ్రామసభను ఎగ్గొట్టనివ్వకండి. భర్త పోయిన ఆడవాళ్లు అక్కడైతేనే నోరు విప్పి చెప్పగలుగుతారు. పంచాయతీ అధికారి (ఇదివరకటి గ్రామసేవక్) ఠరావును మరాఠీలో రాస్తాడు. దాన్ని తెలుగులోనూ, గోండు గూడేలుంటే గోండిలోనూ పైకి చదివించాకే చేతులెత్తించండి.

కాగితం మీద ఆగిపోవడమే పెద్ద ప్రమాదం. చెరువులు, బావులు అంటరానివాళ్లకూ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. మహాడ్ మునిసిపాలిటీ కూడా సరేనంది. అయినా అది అమలు కాలేదు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో వెళ్లి అక్కడి చవదార్ చెరువు నీళ్లు తాగాల్సి వచ్చింది. అందుకే చావు కబురు రాగానే ఆ ఇంటికి ఎవరెవరు వెళ్లాలో ఠరావులోనే పేర్లతో రాయించండి: ప్రతి ప్యానెల్ నుంచి ఒకరు, వాళ్లతో ఇద్దరు ఆడవాళ్లు.

ఎస్సీ, ఎస్టీల మీద కులం పేరుతో దాడో అవమానమో జరిగితే మాత్రం సభలో రాజీ కుదర్చకండి. అది 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పోలీసులకు ఫిర్యాదు చేయాల్సిన నేరం.