కారు స్వయంశిక్షణ, ఆరవ పాఠం: దిగుడులో గేరు పని, బ్రేకు పని

ఈ పాఠాన్ని పూర్తిగా బ్రేక్ ఆయిల్‌కే కేటాయించాలనుకున్నాను. అయితే ఐదవ పాఠంలో ఘాట్ రోడ్డు గురించి రాసిన భాగం చదివి, ఆ వారంలోనే తిరుమల కొండకు వెళ్ళివచ్చిన పాఠకులు రాసిన సందేహాలు చూశాక, దిగుడు సంగతి తేల్చకుండా ముందుకు పోవడం సరికాదనిపించింది. "ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి" అన్న మాటను చాలామంది శ్రద్ధగా పాటించారు. ఆ గేరులోకి ఎప్పుడు రావాలి, వచ్చాక ఎడమ కాలు ఎక్కడ ఉండాలి, ఇంజను చప్పుడు పెరిగితే భయపడాలా వద్దా అన్న చోట తడబడ్డారు.

రేణిగుంట పాఠకులొకరు నాలుగో గేరులో వేగంగా వస్తూ, పెద్ద మలుపు కళ్ళబడగానే రెండో గేరు వేశారు. కారు ఒక్క కుదుపు కుదిపింది, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లవాడి నుదురు ముందు సీటుకు తగిలింది, ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) చూపే ముల్లు, ఇంజను దాటకూడని హద్దయిన ఎర్ర గీత దాకా లేచింది. భయపడి న్యూట్రల్ చేసి, అంటే ఏ గేరూ లేకుండా వదిలి, మిగిలిన దారంతా బ్రేకు మీదే దిగారు. చిత్తూరు నుంచి రాసిన ఒక ఉపాధ్యాయురాలు మాత్రం మొదటి నుంచి చివరి దాకా రెండో గేరు వదల్లేదు. అయినా కొండ కింద అలిపిరి చేరేసరికి ముందు చక్రాల నుంచి కాలిన వాసన వచ్చింది. తిరిగి అడిగితే అసలు సంగతి తెలిసింది: ప్రతి మలుపులోనూ ఆమె క్లచ్ నొక్కి పెట్టి ఉంచుతున్నారు. ఇవి రెండూ సరిదిద్దుకోదగిన పొరపాట్లే. మూడో రకం ఉత్తరాలు వేరు. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగడాన్ని సమర్థిస్తూ రాసినవి. వాటికి సమాధానం కాస్త పొడవుగానే ఉంటుంది.

ముందు వేడి లెక్క చూద్దాం. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి అలిపిరికి దిగడమంటే 650 మీటర్లకు పైగా కిందికి రావడం. ఐదుగురితో, సామానుతో కలిపి 1,400 కిలోలు తూగే కారు అంత ఎత్తు దిగినప్పుడు విడుదలయ్యే శక్తి, 30 లీటర్ల చన్నీళ్ళను మరిగే దాకా కాచడానికి సరిపోతుంది. అందులో కొంత భాగాన్ని టైర్ల రాపిడి, ఎదురుగాలి తీసుకుంటాయి. మిగిలినదంతా ఇంజనన్నా భరించాలి, నాలుగు చక్రాల దగ్గరున్న బ్రేకు భాగాలు, అంటే డిస్కులు, డ్రమ్ములన్నా భరించాలి. ఇంజనుకు రేడియేటరు ఉంది, ఫ్యాను ఉంది, కూలెంటు ఉంది. బ్రేకు డిస్కుకు తగిలే గాలి తప్ప మరో దిక్కు లేదు; నిదానంగా దిగే కారులో ఆ గాలి కూడా తక్కువ. అందుకే వేగాన్ని పట్టి ఉంచే పనిని గేరుకు అప్పగించి, బ్రేకును మలుపు ముందు వేగం తగ్గించడానికి మాత్రమే వాడుకోవాలి.

1944లో వాడుకలోకి వచ్చిన మొదటి ఘాట్ రోడ్డులో మలుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఇప్పుడు దిగడానికి ఆ దారే. 1974లో వచ్చిన రెండో ఘాట్ ఎక్కడానికి. దిగే వాహనం కనీసం 40 నిమిషాలు తీసుకోవాలన్న నిబంధన ఉంది. సుమారు 19 కిలోమీటర్ల దారికి అది గంటకు 28 కిలోమీటర్ల సగటు వేగం, అంటే చిన్న కారుకు రెండో గేరు హాయిగా పలికే వేగం. పైన వేగంగా దిగేసి, అలిపిరికి కాస్త ముందు రోడ్డు పక్కన ఆగి గడియారం చూసుకునేవారిని నేను తరచూ చూస్తుంటాను. బ్రేకులు వేడెక్కిపోయాక ఆగితే జరిమానా తప్పుతుందేమో గానీ, ఆ నిబంధన పెట్టిన ప్రయోజనం మాత్రం నెరవేరదు.

ఇక గేరు ఎప్పుడు మార్చాలన్న ప్రశ్న. దిగుడు మొదలయ్యే ముందే, ఇంకా సమతలంగా ఉన్న చోటే మార్చాలి. పైన టోల్‌గేటు దాటి వాలు కనబడగానే మూడులోకి, మలుపులు మొదలయ్యే ముందు రెండులోకి రావాలి. వేగం ఎక్కువగా ఉంటే బ్రేకు ముందు, గేరు తరువాత. బ్రేకుతో వేగాన్ని 30 దగ్గరకు తెచ్చుకుని అప్పుడు రెండో గేరు వేసి, క్లచ్‌ను మెల్లగా వదిలితే కుదుపు ఉండదు. రేణిగుంట పాఠకులు వరుస తిరగేశారు. గేరు చేత వేగాన్ని తగ్గించబోయారు. గేరు పని ఉన్న వేగాన్ని పెరగనీయకుండా పట్టడం. వేగాన్ని తగ్గించడం బ్రేకు పనే.

క్లచ్ వదిలాక ఎడమ పాదాన్ని పక్కనున్న పాదపీఠం మీద ఆనించి ఉంచండి. క్లచ్ నొక్కి ఉన్నంతసేపు లివరు రెండులో ఉన్నా ఇంజనుకు, చక్రాలకు సంబంధం తెగిపోయినట్లే. చిత్తూరు ఉపాధ్యాయురాలి కారు సరిగ్గా మలుపుల్లో, అంటే గేరు పట్టు ఎక్కువ అవసరమైన చోట, బ్రేకు ఒక్కదాని మీదే నడిచింది. ఇంజను ఆగిపోతుందేమోనన్న భయంతో చాలామంది మలుపులో క్లచ్ నొక్కుతారు. వాలులో చక్రాలే ఇంజనును తిప్పుతుంటాయి కాబట్టి, రెండో గేరులో 15, 20 వేగం ఉన్నంత వరకు అది ఆగదు.

చప్పుడు గురించి కూడా అడిగారు. పెట్రోలు కారులో 3,000, 3,500 ఆర్‌పీఎం దగ్గర ఇంజను గట్టిగా మూలుగుతుంది. ఆ మూలుగు విని అలవాటు లేనివారు ఏదో పాడైపోతోందని పై గేరు వేస్తారు, కారు పరుగందుకుంటుంది. చాలా పెట్రోలు కార్లలో ఎర్ర గీత 6,000 దరిదాపుల్లో, డీజిలు కార్లలో 4,500, 5,000 దగ్గర మొదలవుతుంది. ముల్లు దానికి చాలా కింద ఉన్నప్పుడు ఆ మూలుగు ఇంజను తన పని తాను చేస్తున్నదనడానికి గుర్తు.

ఇప్పుడు న్యూట్రల్ సంగతి. దీని మీద నాకు ఓపిక తక్కువ, ఎందుకంటే చెప్పేవారు తమ ప్రాణాలనే కాక ఎదుటివారి ప్రాణాలను కూడా పణం పెట్టి, మిగలని పెట్రోలు కోసం ఈ పని చేయిస్తున్నారు. కార్బ్యురేటర్ కార్లు నడిపిన పెద్దలు ఈ అలవాటును తరువాతి తరానికి అప్పగించారు. ఆ కార్లలో యాక్సిలరేటర్ వదిలినా కొంత పెట్రోలు ఇంజనులోకి పోతూనే ఉండేది. ఇప్పటి కార్లలో పెట్రోలును కొలిచి చిమ్మేవి ఇంజెక్టర్లు, వాటిని నడిపించేది కంప్యూటరు. గేరులో ఉండి, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి, ఇంజను తగినంత వేగంగా తిరుగుతున్నప్పుడు ఆ కంప్యూటరు ఇంజెక్టర్లను మూసేస్తుంది. అప్పుడు ఇంజనును తిప్పేది వాలు. పెట్రోలు ఖర్చు సున్నా. న్యూట్రల్ చేసిన మరుక్షణం చక్రాల ఆసరా పోతుంది కాబట్టి, ఇంజను ఆగిపోకుండా కంప్యూటరు మళ్ళీ పెట్రోలు చిమ్మడం మొదలుపెడుతుంది. నిలిపి ఉంచిన చిన్న కారు ఇంజను గంటకు ముప్పావు లీటరు అటూఇటూ తాగుతుంది. ఆ లెక్కన 40 నిమిషాలు న్యూట్రల్‌లో దిగినవారు సుమారు అర లీటరు కాల్చారు. గేరులో దిగినవారు దాదాపు ఏమీ కాల్చలేదు. నమ్మకం కలగనివారు, అప్పటికప్పుడు మైలేజీ చూపే తెర తమ కారులో ఉంటే, పక్క సీట్లో ఉన్నవారిని దాని మీద కన్ను వేసి ఉంచమనండి. గేరులో యాక్సిలరేటర్ వదిలి దిగుతున్నప్పుడు ఆ అంకె చూపగలిగినంత గరిష్ఠానికి పోయి నిలిచిపోతుంది.

పెట్రోలు లెక్క అటుంచినా, న్యూట్రల్‌లో దిగే కారుకు బ్రేకు తప్ప మరో పట్టు లేదు. మొగిలి ఘాట్‌లో పలమనేరు నుంచి బంగారుపాళెం వైపు దిగేటప్పుడు ఈ ప్రమాదం తిరుమల దారిలో కంటే ఎక్కువ. తిరుమల దారిలో మలుపులే వేగాన్ని తగ్గించుకొమ్మని గుర్తు చేస్తుంటాయి. మొగిలిలో నిడుపైన వాలు మీద వేగం తెలియకుండానే పెరుగుతుంది, ముందు బరువెక్కిన లారీలు నిదానంగా దిగుతుంటాయి. అక్కడ న్యూట్రల్‌లో పరుగెత్తే కారును మళ్ళీ గేరులోకి తేవడం కొత్తవారి చేత కాదు, ఎందుకంటే ఆ వేగానికి కింది గేరు వేస్తే మొదట చెప్పిన కుదుపే ఎదురవుతుంది. కొందరు మరో మెట్టు దిగి ఇంజనే ఆపేస్తారు. ఇంజను ఆగితే, మన కాలి బలాన్ని పెంచే బ్రేకు బూస్టరులో మిగిలిన బలం రెండు మూడు నొక్కులకే అయిపోతుంది. ఆ తరువాత పెడలు రాయిలా బిగుసుకుంటుంది. స్టీరింగు బరువెక్కుతుంది. తాళం బయటికి తీస్తే స్టీరింగు లాకే పడవచ్చు. ఈ పాఠాలు చదివేవారిలో ఒక్కరు కూడా ఈ పని చేయకూడదని వేడుకుంటున్నాను.

గేరుతో దిగుతున్నప్పుడు వెనక బ్రేకు లైటు వెలగదన్నది గుర్తుంచుకోవాలి. వెనక బండి దగ్గరగా ఉంటే పెడలును ఒకసారి తేలికగా తాకి వదలండి. భాకరాపేట ఘాట్ వంటి రెండు వైపులా రాకపోకలున్న దారిలో, రోడ్డు ఇరుకైన చోట ఎక్కే వాహనానికి దిగే వాహనమే దారి ఇవ్వాలి.

ఆటోమేటిక్ కార్లవారు లివరును 'డీ'లో వదిలేస్తే కారు తనంతట తాను పై గేరు వేసుకుంటుంది. లివరును పక్కకు జరిపి ప్లస్, మైనస్ గుర్తులతో గేరు ఎంచుకునే వీలుంటే రెండులో పెట్టండి. 'ఎల్' అనే అక్షరం ఉంటే దాన్ని వాడండి. విద్యుత్ కార్లలో మోటారే వేగాన్ని పట్టి బ్యాటరీని నింపుతుంది, కాని బ్యాటరీ అప్పటికే పూర్తిగా నిండి ఉంటే ఆ పట్టు బాగా తగ్గిపోతుంది. కాబట్టి దిగే ముందు పైన నూరు శాతం చార్జింగ్ పెట్టకండి.

బ్రేకు వాడవలసిన చోట మలుపుకు ముందున్న తిన్నని భాగంలో గట్టిగా ఒకసారి నొక్కి, వేగం తగ్గగానే పూర్తిగా వదిలేయండి. పాదాన్ని పెడలు మీద తేలికగా ఆనించి దారి పొడవునా ఉంచితే, డిస్కును ఒత్తి పట్టే ప్యాడ్లకు చల్లారే సమయం దొరకదు. నేను దిగేటప్పుడు ఏసీ ఆపి, అద్దం రెండు వేళ్ళంత దించుతాను. వాసన వస్తే ముందే తెలుస్తుంది. డ్రైవరు కాళ్ళ కింద అదనపు మ్యాట్ కూడా వేయను, ముందుకు జారి పెడలు కింద చేరే మ్యాట్లను చాలా చూశాను.

బ్రేక్ ఆయిల్ గురించి ఈసారికి అవసరమైనంతే చెబుతాను. పెడలు మీది ఒత్తిడిని గొట్టాల ద్వారా చక్రాలకు చేర్చేది అదే. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. డాట్ 4 రకానికి అవి 230, 155. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరి, పెడలు మెత్తగా కిందికి దిగిపోతుంది. పెడలు గట్టిగానే ఉండి కారు మాత్రం ఆగకపోతే అది ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పడం. రెండింటిలో ఏది కనబడినా కింది గేరు వదలకుండా, పెడలును మళ్ళీ మళ్ళీ నొక్కుతూ, చాలకపోతే హ్యాండ్ బ్రేకును కొద్దికొద్దిగా లాగుతూ, సురక్షితమైన చోట ఆపి అరగంట చల్లారనివ్వండి. డిస్కుల మీద నీళ్ళు పోయకండి, వేడి ఇనుము వంకర పోవచ్చు. చాలా కార్లకు రెండేళ్ళకొకసారి ఆయిల్ మార్చాలి. మీ కారు పుస్తకంలో రాసినదాన్నే పాటించండి. డబ్బాలో మట్టం కనిష్ఠ గీతకు దిగితే పైన పోసి ఊరుకోకూడదు. ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి.

అభ్యాసం రెండు భాగాలు. మొదటిది తెల్లవారుజామున ఖాళీగా ఉన్న సమతల రోడ్డు మీద. రెండు, మూడు గేర్లలో 20, 30, 40 వేగాల దగ్గర ఆర్‌పీఎం ఎంతుందో పక్కనున్నవారి చేత కాగితం మీద రాయించి, ఆ చప్పుళ్ళు చెవికి అలవాటయ్యే దాకా మళ్ళీ మళ్ళీ నడపండి. ముల్లు చూడకుండా, చప్పుడు విని అంకె చెప్పగలిగినప్పుడే రెండో భాగానికి వెళ్ళండి. అందులో ఘాట్ రోడ్డు ఒకటి పూర్తిగా దిగి, కింద ఆగాక, నాలుగు చక్రాల దగ్గరా అరచేతిని జానెడు దూరంలో, తాకకుండా ఉంచి వేడిని పోల్చండి. ముందు రెండు చక్రాలు వెనకవాటికంటే వేడిగా ఉండడం సహజం. కుడి, ఎడమల మధ్య తేడా బాగా తెలుస్తుంటే ఒక పక్క బ్రేకు పట్టుకుని వదలడం లేదేమోనని అనుమానించాలి. మరో ప్రయాణానికి ముందే మెకానిక్‌కు ఆ చక్రాన్ని చూపించి, విప్పించి, కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు ఒత్తే భాగం) పిన్నులు కదులుతున్నాయో లేదో మీ ఎదురుగానే చూడమనండి.