బేస్ గిటార్ నిండుగా రికార్డవ్వాలంటే 60 హెర్ట్జ్ జోలికి పోకండి

బేస్ సన్నగా వినిపిస్తోందనగానే చాలామంది చేసే మొదటి పని ఈక్యూ (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచే, తగ్గించే సాధనం) తెరిచి 60 హెర్ట్జ్ దగ్గర ఐదారు డెసిబెల్స్ లేపేయడం. స్టూడియో మానిటర్లలో కాసేపు బాగానే ఉంటుంది. అదే పాట ఫోన్‌లో వింటే బేస్ ఉందా లేదా అని అనుమానమొస్తుంది, కారులో వింటే డోర్లు అదురుతాయి. ఎందుకంటే మనం వార్మ్, అంటే వెచ్చగా నిండుగా ఉందనుకునే సౌండ్ అంత అడుగున ఉండదు. మామూలు ట్యూనింగ్‌లో నాలుగు తీగల బేస్ మీద లావు తీగని ఖాళీగా మీటితే వచ్చే మూలస్వరం సుమారు 41 హెర్ట్జ్. కానీ అదే తీగ 82 దగ్గర, 123 దగ్గర, 165 దగ్గర, ఇంకా పైన కూడా మోగుతూ ఉంటుంది, చెవికి నిండుగా తగిలేది ఎక్కువగా ఈ హార్మోనిక్సే. చిన్న స్పీకర్లు 41 హెర్ట్జ్‌ని దాదాపు పలకలేవు, అయినా పై హార్మోనిక్స్ సరిగ్గా అందితే మిగతాది మెదడే పూరించుకుంటుంది. అందుకే మన శ్రద్ధంతా 80 నుంచి 300 హెర్ట్జ్ మధ్య ఉండాలి, కాస్త 800 దాకా కూడా. ఆ పని మొదలయ్యేది ప్లగిన్‌లో కాదు, వేళ్ల దగ్గర.

ముందు తీగల సంగతి. గుండ్రటి వైరు చుట్టిన కొత్త రౌండ్‌వౌండ్ తీగలు గణగణమంటాయి, వేలు జరిగినప్పుడల్లా కీచుమంటాయి. రాక్‌కి అది కావాలేమో గానీ మెత్తటి సౌండ్ కోసం చూస్తుంటే వాటితో కుస్తీ తప్పదు. ఫ్లాట్‌వౌండ్ తీగలకు పైన చుట్టిన లోహపు పట్టీ చదునుగా ఉంటుంది కాబట్టి ఆ కీచు పోతుంది, పైన ఉండే మెరుపు కూడా తగ్గి నోటు ఒడ్డూపొడుగూ బయటపడుతుంది. అమెరికా రికార్డ్ కంపెనీ మోటౌన్ పాటల్లో వినిపించే జేమ్స్ జేమర్సన్ బేస్ వినండి, ఫెండర్ ప్రెసిషన్, దాని మీద బాగా పాతబడిన ఫ్లాట్‌వౌండ్లు, కుడి చేతిది ఒక్క చూపుడువేలు, అంతే సరంజామా. తీగలు మార్చడం కుదరకపోతే బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే ముక్క) పక్కన తీగల కింద చిన్న స్పాంజ్ ముక్క దూర్చి చూడండి. నోటు సాగడం తగ్గుతుంది, మొదట్లో వచ్చే ఆ దుమ్ అనే బరువు మాత్రం ఉంటుంది. స్లో పాటలో నోట్లు పొడుగ్గా సాగాలంటే ఇది పనికిరాదు, మిగతా చోట్ల మాత్రం ఇంత చవకైన ఉపాయం ఇంకోటి లేదు.

వాయించే చోటు కూడా ఈక్యూయే. బ్రిడ్జ్ దగ్గర మీటితే గట్టిగా, ముక్కుతో మాట్లాడినట్టు వస్తుంది, మెడ చివరకి జరిగే కొద్దీ గుండ్రంగా మారుతుంది. గోరు తగలకుండా వేలి మెత్తటి భాగంతో మీటండి. అన్నిటికన్నా ముఖ్యం, మెల్లగా వాయించి గెయిన్ (రికార్డింగ్ ఇన్‌పుట్ లెవెల్) పెంచుకోండి. గట్టిగా బాదితే పవర్ వస్తుందనుకుంటాం గానీ జరిగేది వేరు. తీగ ఫ్రెట్లకి కొట్టుకుంటుంది, శ్రుతి ఒక్క క్షణం పైకి లేచి దిగుతుంది, మొదటి దెబ్బే మీటర్‌ని నింపేసి వెనకాల రావాల్సిన నోటుకి చోటు ఉంచదు. ఎడమ చేతికీ ఇందులో వాటా ఉంది. లావు తీగ మీద ఐదో ఫ్రెట్ నొక్కినా, దాని పక్క తీగని ఖాళీగా మీటినా స్వరం ఒకటే, సౌండ్ మాత్రం ఒకటి కాదు. లావు తీగ మీద పైకెళ్లి వాయించింది గుండ్రంగా, కాస్త ముదురుగా ఉంటుంది. ఒక లైన్ సన్నగా అనిపిస్తే ముందు దాన్ని వేరే పొజిషన్‌లో వాయించి చూడండి, సగం సార్లు ఈక్యూ అవసరమే ఉండదు.

టోన్ నాబ్ పూర్తిగా మూసేయొద్దు, సగం దగ్గర పెట్టి అక్కడి నుంచి వెతకండి. బ్యాటరీతో నడిచే యాక్టివ్ బేస్ అయితే కొత్త బ్యాటరీ వేసి, దాని మీదున్న ఈక్యూని మధ్యలో వదిలేయండి. పన్నెండో ఫ్రెట్ దగ్గర శ్రుతి కలుస్తోందో లేదో టేక్‌కి ముందే చూసుకోవాలి, తర్వాత చూస్తే ఉపయోగం లేదు.

ఇప్పుడు వైర్ల దాకా వచ్చాం. బ్యాటరీ లేని పాసివ్ బేస్ పికప్ హై ఇంపెడెన్స్‌ది (సిగ్నల్‌కి అడ్డుపడే నిరోధం ఎక్కువ), దాన్ని మామూలు లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే సౌండ్ నీరసంగా, మూసుకుపోయినట్టు వస్తుంది, అది వార్మ్ అని పొరబడేవాళ్లూ ఉన్నారు. సుమారు ఒక మెగా ఓమ్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ ఉన్న డీఐ బాక్స్ (ఆంప్ లేకుండా బేస్‌ని నేరుగా రికార్డింగ్‌కి కలిపే పెట్టె) కావాలి, లేదా ఆడియో ఇంటర్‌ఫేస్ మీద ఇన్‌స్ట్రుమెంట్ అని రాసున్న బటన్ నొక్కితే సరిపోతుంది. 24 బిట్‌లో రికార్డ్ చేస్తున్నప్పుడు లెవెల్ ఎర్రగీత దాకా తోయాల్సిన పని లేదు. సగటు మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర, పెద్ద దెబ్బలు మైనస్ 8, 10 దగ్గర ఆగితే హాయి. ఆంప్ వాడినా సరే, శుభ్రమైన డీఐ ట్రాక్ ఒకటి ఎప్పుడూ పక్కన రికార్డవుతూ ఉండాలి. రేపు ఆంప్ సౌండ్ నచ్చకపోతే ఆ ట్రాక్‌నే మళ్లీ ఇంకో ఆంప్‌లోకి పంపొచ్చు.

ఆంప్ అనగానే పెద్ద క్యాబినెట్ వెతుక్కోకండి. స్టూడియోల్లో బాగా పేరున్న ఆంపెగ్ బీ-15లో ఉండేది ఒక్క 15 అంగుళాల స్పీకరే. ఓ మోస్తరు వాల్యూమ్‌లో పెట్టి, మూలకి ఆనించకుండా, వీలైతే నేల మీంచి కాస్త ఎత్తి పెట్టండి. ఎలక్ట్రో-వాయిస్ ఆర్ఈ20, సెన్‌హైజర్ 421, ఏకేజీ డీ112 లాంటివి చాలాకాలంగా వాడుతున్న మైకులు, ఏది ఉంటే అది. స్పీకర్ నడిమధ్యకి గురిపెడితే సౌండ్ పదునుగా వస్తుంది, అంచు వైపు జరిపితే మెత్తబడుతుంది. ఒక్క అంగుళం జరిపినా తేడా తెలుస్తుంది కాబట్టి ఒకరు వాయిస్తుంటే ఇంకొకరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మైక్ జరపడం మంచిది. కార్డియాయిడ్ (ముందు వైపు సౌండ్‌నే ఎక్కువగా పట్టే) మైకులు చాలావాటిలో దగ్గరికెళ్లే కొద్దీ అడుగు ఫ్రీక్వెన్సీలు ఉబ్బుతాయి, ఆర్ఈ20ని ఆ ఉబ్బు రాకుండా తయారు చేశారు. గది చిన్నదైతే ఆంప్ మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. 41 హెర్ట్జ్ తరంగం పొడవు ఎనిమిది మీటర్ల పైమాటే, చిన్న గదిలో గోడల మధ్య కొన్ని నోట్లు బుంగలా ఉబ్బుతాయి, కొన్ని మాయమైపోతాయి. అలాంటి చోట డీఐని అసలు సౌండ్‌గా ఉంచి, మైక్ ట్రాక్‌ని రుచికి కలుపుకోవడమే మేలు.

రెండూ కలిపినప్పుడు చాలామంది చూడనిది ఫేజ్, అంటే రెండు తరంగాల ఎత్తుపల్లాలు ఒకేసారి వస్తున్నాయా లేదా అన్నది. మైక్ స్పీకర్‌కి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే సౌండ్ డీఐ కంటే దాదాపు 0.9 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది, 48 కిలోహెర్ట్జ్‌లో అది నలభై శాంపిల్స్ పైనే. విడివిడిగా రెండు ట్రాకులూ లావుగా ఉండి, కలిపితే బక్కచిక్కిపోయాయంటే కారణం ఇదే. మోనోలో వింటూ మైక్ ట్రాక్ పొలారిటీ తిప్పండి (తరంగాన్ని తలకిందులు చేయండి), ఏది నిండుగా ఉంటే అది ఉంచండి, తర్వాత ఆ ట్రాక్‌ని కొద్దికొద్దిగా ముందుకి (ఇంకాస్త త్వరగా మొదలయ్యేలా) జరుపుతూ కింది నోట్లు ఎక్కడ బలంగా నిలబడుతున్నాయో అక్కడ ఆపండి.

పెద్ద దెబ్బల్ని తగ్గించి లెవెల్ సమం చేసే కంప్రెసర్ విషయంలో తొందరపడొద్దు. నాలుగుకి ఒకటి రేషియో (ఎంత తగ్గించాలి), అటాక్ (ఎంతసేపటికి పట్టుకోవాలి) 30 మిల్లీసెకన్లు, రిలీజ్ (ఎంతసేపటికి వదలాలి) 100 నుంచి 200, మీటర్ నాలుగైదు డెసిబెల్స్ కదిలితే చాలు. 41 హెర్ట్జ్‌లో ఒక్క ఆవర్తనానికే 24 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి అటాక్, రిలీజ్ మరీ చిన్నవి పెడితే కంప్రెసర్ నోటుని వదిలేసి తరంగం ఆకారాన్ని వెంబడిస్తుంది, అప్పుడు వచ్చే గరగర వార్మ్ కాదు. వార్మ్ కోసం చేసే డిస్టార్షన్ వేరు. ట్రాక్‌కి కాపీ తీసి, ట్యూబ్ లేదా టేప్ రకం సాచురేషన్ గట్టిగానే వేసి, అందులో 150 కింద, 2000 పైన కోసేసి, అసలు ట్రాక్ కింద వినీ వినపడనట్టు కలపండి. కొత్తగా హార్మోనిక్స్ పుట్టేది ఇక్కడే, ఫోన్‌లో బేస్ వినపడేది కూడా దీనివల్లే.

ఈక్యూ ఇక చివర్లో, అది కూడా మొత్తం పాట మోగుతుండగా. బేస్‌ని సోలోలో విని మెరుగులు దిద్దితే వృథా ప్రయాస. 30 హెర్ట్జ్ కింద కోసేయండి, ఐదు తీగల బేస్‌లో ఇంకా కిందికెళ్లే ఐదో తీగ వాడే పాటైతే మాత్రం ఆ కోత ఇంకా కిందికి దించాలి. 250 చుట్టుపక్కల బురదగా ఉంటే ఒకటి రెండు డెసిబెల్స్ తగ్గించండి, అంతకంటే తగ్గిస్తే ఇంతసేపూ సంపాదించిందంతా పోతుంది. కిక్ డ్రమ్, బేస్ రెండిట్లో అడుగున ఎవరుండాలో మీరే తేల్చాలి. కిక్ 60 దగ్గర కూర్చుంటే బేస్‌కి 90-100 దగ్గర చోటివ్వండి, కిక్ పైన టపటపలాడే రకమైతే బేస్‌ని కిందికి రానివ్వండి.

ఆఖరుగా వాల్యూమ్ బాగా తగ్గించి ఒకసారి, ఫోన్ స్పీకర్‌లో ఒకసారి వినండి. ఎక్కడైనా ఒక నోటు మునిగిపోతే మళ్లీ కంప్రెసర్ బిగించకుండా ట్రాక్‌లో ఆ ఒక్క నోటునే విడిగా కత్తిరించి రెండు డెసిబెల్స్ పెంచండి.