బలాలు, చలనం – 5వ భాగం: లిఫ్ట్‌లో బరువు ఎందుకు మారుతుంది?

పోయినసారి ఇచ్చిన బొమ్మ గీశారా? టేబుల్ మీద పుస్తకం ఉంది, దాని మీద ఏయే బలాలున్నాయో బాణాలు వెయ్యమన్నా. రెండే. భూమి కిందకి లాగుతోంది, టేబుల్ పైకి తోస్తోంది. ఇక్కడిదాకా అందరికీ వచ్చేస్తుంది, కానీ ఆ రెండూ ఎందుకు సమానం అంటే చాలామంది "న్యూటన్ మూడో నియమం కదా" అనేస్తారు, చదువుకునే రోజుల్లో నేనూ పరీక్షలో అదే రాశా, పైగా మార్కులు కూడా పడ్డాయి. కానీ అది తప్పు.

మూడో నియమం ఏమంటుందంటే, ఒక వస్తువు ఇంకోదాన్ని ఎంత బలంతో తోసినా లాగినా, అది కూడా దీన్ని అంతే బలంతో ఎదురు తోస్తుంది లేదా లాగుతుంది. ఈ జంట బలాలు ఎప్పుడూ వేర్వేరు వస్తువుల మీద ఉంటాయి. భూమి పుస్తకాన్ని లాగుతుంటే దాని జంట పుస్తకం భూమిని లాగడం, టేబుల్ పుస్తకాన్ని తోస్తుంటే దాని జంట పుస్తకం టేబుల్‌ని తొయ్యడం. మనం వేసిన బాణాలు రెండూ ఒక్క పుస్తకం మీదే ఉన్నాయి, ఇక జంట ఎలా అవుతాయి? అవి సమానం ఎందుకంటే పుస్తకానికి త్వరణం (వేగం మారే రేటు) లేదు కాబట్టి, అంతే, అది రెండో నియమం: మొత్తం బలం = ద్రవ్యరాశి × త్వరణం. త్వరణం వచ్చిందా, ఆ సమానం పోతుంది. ఇది కళ్ళారా చూడాలంటే లిఫ్ట్ ఎక్కాల్సిందే.

బరువు చూసుకునే మెషిన్ తీసుకెళ్ళండి, కానీ ముల్లు ఉన్నదే తీసుకోండి. నేను మొదట డిజిటల్‌ది పట్టుకెళ్ళి నాలుగు ఫ్లోర్లు తిరిగా, అది మొదట చూపించిన నంబర్ దగ్గరే ఆగిపోయి కూర్చుంది, పక్కనున్నాయన నన్నూ మెషిన్నీ మార్చి మార్చి చూశాడు. ముల్లుదైతే లిఫ్ట్ పైకి కదిలిన మొదటి ఒకట్రెండు సెకన్లు ముల్లు ముందుకు ఎగురుతుంది, తర్వాత మామూలు చోటికి వచ్చేస్తుంది, మీ ఫ్లోర్ దగ్గరపడి లిఫ్ట్ స్లో అవుతుంటే వెనక్కి పడుతుంది, సరిగ్గా అప్పుడే కడుపులో ఏదో తేలినట్టు ఉంటుంది చూడండి.

ఇప్పుడు లెక్క. మీ ద్రవ్యరాశి 60 కిలోలు అనుకోండి, g (భూమి లాగడం వల్ల వచ్చే త్వరణం) 9.8. భూమి లాగేది 60 × 9.8 = 588 న్యూటన్లు, ఇది లిఫ్ట్ ఏం చేసినా మారదు. మారేది మెషిన్ మిమ్మల్ని పైకి తోసే బలం, దాన్ని N అందాం, ముల్లు చూపించేది దీన్నే. పై దిక్కు ప్లస్, లిఫ్ట్ త్వరణం a అనుకుంటే

N − 588 = 60 × a

లిఫ్ట్ పైకి 1.2 త్వరణంతో లేస్తే N = 588 + 72 = 660. మెషిన్ దీన్ని 9.8తో భాగించి చూపిస్తుంది కాబట్టి 67 కిలోల పైచిలుకు. ఒకే వేగంతో పోతున్నప్పుడు a సున్నా, మళ్ళీ 60. ఎంత స్పీడుగా పోతున్నా సరే 60 దగ్గరే ఉంటుంది, ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు, ముల్లుకి వేగంతో పని లేదు, వేగం మారితేనే కదులుతుంది.

మరి లిఫ్ట్ తాడు తెగి, బ్రేకులు కూడా పడలేదనుకోండి (ఊరికే ఊహకే)! అప్పుడు a = −9.8, N సున్నా, ముల్లు కూడా సున్నా. భూమి లాగడం మానేసిందా అంటే అదేం లేదు, కింద నుంచి తోసేది లేకుండా పోయింది, అంతే. అంతరిక్ష కేంద్రంలో వాళ్ళు తేలేదీ ఇందుకే. అది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ కూడా g 8.7 దాకా ఉంటుంది, "అక్కడ గ్రావిటీ లేదు" అనేది ఉత్త మాట. కేంద్రం, అందులోని మనుషులు కలిసే పడుతున్నారు, కాకపోతే పక్కకి పోయే వేగం ఎక్కువ కాబట్టి భూమిని తాకకుండా చుట్టూ తిరుగుతున్నారు.

వచ్చే భాగానికి ఇది చేసి పెట్టుకోండి: అదే 60 కిలోల మనిషి, ముల్లు 54 దగ్గర ఉంది. త్వరణం ఎంత, ఏ దిక్కుకి? లిఫ్ట్ పైకి పోతోందా కిందకా? రెండో ప్రశ్నకి "కిందకి" అని రాసేముందు, పైకి పోతూ మీ ఫ్లోర్ దగ్గర స్లో అయ్యే లిఫ్ట్‌ని ఒకసారి గుర్తు తెచ్చుకోండి.